ఫించ్ పక్షులకు గింజల కప్పు, నీళ్ళ బాటిల్: ఏవి కొనాలి, ఎక్కడ పెట్టాలి, ఎలా సరిచూసుకోవాలి

"కప్పు నిండా గింజలు ఉన్నాయండీ, అయినా పక్షి చచ్చిపోయింది, ఎందుకు?" ఫించ్‌లు కొత్తగా తెచ్చుకున్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. చాలాసార్లు జవాబు కూడా ఒకటే. ఆ కప్పులో ఉన్నవి గింజలు కావు, పొట్టు. ఫించ్ గింజను ముక్కులో దొర్లించి, పైపొర ఒలిచి, లోపలి పప్పు మింగుతుంది. ఒలిచిన పొట్టు తిరిగి అదే కప్పులో పడుతుంది. రెండు రోజులకు కప్పు పైన పొట్టు మందంగా పేరుకుంటుంది. దూరం నుంచి చూస్తే నిండు కప్పే. పన్నెండు, పదిహేను గ్రాముల పక్షి ఒక రోజంతా తిండి లేకపోతే తట్టుకోవడం కష్టం.

ఈ పాఠం నేనూ నష్టపోయే నేర్చుకున్నాను. ఒక సంక్రాంతికి రెండు రోజులు ఊరెళ్తూ, గింజలు వాటంతట అవే కిందికి జారే పెద్ద డబ్బా ఫీడర్ నింపి, పక్కనే నీళ్ళ ట్యూబ్ తగిలించి వెళ్ళాను. వచ్చి చూస్తే డబ్బాలో గింజలు ముప్పావు వంతు అలాగే ఉన్నాయి. నీళ్ళ చుక్కలు ఫీడర్ మూతిలో పడి గింజలు ఉబ్బి అడ్డుకట్ట వేసేశాయి. నాలుగు జీబ్రా ఫించ్‌లలో ఒక ఆడది కేజ్ అడుగున ఈకలు ఉబ్బించుకుని కూర్చుని ఉంది. మర్నాటికి పోయింది. తప్పు ఫీడర్ది కాదు. దాన్ని ముందుగా పరీక్షించకుండా, నీళ్ళ పక్కన తగిలించిన నాది.

అందుకే నేను చూసే మొదటి లక్షణం ఒకటే. లోపల నిజంగా ఎంత మిగిలిందో ఆ పాత్ర మనకు చూపిస్తుందా, లేదా? అందం, కంపెనీ, రంగు అన్నీ ఆ తర్వాతే.

ఇక్కడ చెప్పేది జీబ్రా ఫించ్, బెంగాలీ ఫించ్ లాంటి, పంజరంలోనే తరతరాలుగా పెరుగుతున్న పెంపుడు రకాల గురించి. మన పొలాల్లో తిరిగే మునియాలనే చిన్న పక్షులను పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. "లోకల్ ఫించ్" అని ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

ఒక జతకు కావలసినవి

- గింజల కప్పులు రెండు, కడిగి ఆరబెట్టడానికి అదనంగా ఇంకో రెండు
- నీళ్ళ ట్యూబ్ ఒకటి, చిన్న స్టీల్ లేదా పింగాణీ గిన్నె ఒకటి
- స్నానానికి వెడల్పాటి, లోతు తక్కువ పళ్ళెం
- కటిల్ బోన్ (కటిల్ ఫిష్ అనే సముద్ర జీవి ఎముక, పక్షులకు కాల్షియం కోసం) గుచ్చడానికి క్లిప్పు, ఉడికించి పొడిచేసిన గుడ్డు పెంకు పెట్టడానికి బుల్లి కప్పు
- పాల సీసాలు తోమే సన్న బ్రష్, పాత టూత్ బ్రష్, నాలుగు ఇయర్ బడ్స్
- గ్రాముల్లో తూచే వంటింటి కాటా (ఉంటే మంచిది, లేకపోయినా పని జరుగుతుంది)
- పాత న్యూస్ పేపర్లు

1. కొనే ముందు కేజ్ కొలవండి

కేజ్ కమ్మీల మధ్య సందు, చిన్న తలుపుల వెడల్పు, పక్షులు కూర్చునే కర్రల ఎత్తు ఒక కాగితం మీద రాసుకోండి. షాపులో కప్పు బాగుందని కొని, ఇంటికొచ్చాక కొక్కెం కమ్మీకి పట్టక టెన్షన్ పడేవాళ్ళు చాలామంది. ఫోన్‌లో కేజ్ ఫోటో తీసుకెళ్ళినా చాలు.

పక్షుల లెక్క కూడా వేయండి. ఒక జీబ్రా ఫించ్ రోజుకు సుమారు ఒక టీస్పూన్ గింజలు తింటుంది. పొట్టు, ఏరి పారేసినవి కలుపుకుని పక్షికి రెండు టీస్పూన్లు పట్టే చోటు ఉండాలి. మామూలు రోజుల్లో నీళ్ళు మూడు, నాలుగు మిల్లీలీటర్లు తాగుతాయి. ఎండలు ముదిరితే దానికి రెండింతలు దాటవచ్చు. అంటే ఒక జతకు పెద్ద డబ్బా అవసరమే లేదు. పాత్ర పెద్దదైతే మనకు బద్ధకం పెరుగుతుంది, గింజలు పాతబడతాయి.

2. గింజల పాత్ర ఎంచుకోండి

మూతి తెరిచి ఉన్న వెడల్పాటి కప్పు: మొదటిసారి పెంచేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. మూతి ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లు, లోతు మూడు, నాలుగు సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది. అంతకంటే లోతైతే పొట్టు కింద గింజలు మునిగిపోతాయి. ఫించ్‌లు కోడిలా కాళ్ళతో గీరుకుని అడుగుకు వెళ్ళవు. ప్లాస్టిక్ తేలిక, చవక, కానీ గీతలు పడ్డాక ఆ గీతల్లో మురికి దాగుతుంది. ఇంట్లో చట్నీలకు వాడే చిన్న స్టీల్ గిన్నెకు కమ్మీకి బిగించే రింగు దొరికితే అంతకంటే మంచిది లేదు. మరిగే నీళ్ళు పోసి కడగవచ్చు, ఏళ్ళ తరబడి ఉంటుంది. జింకు పూత పూసిన రేకు డబ్బాలు మాత్రం వద్దు. జింకు పక్షుల ఒంట్లోకి వెళితే విషమే.

పైన మూత ఉండే కప్పు: గింజలు బయట తక్కువ పడతాయి, రెట్ట లోపల పడదు. ఇబ్బంది ఏమిటంటే, ఫించ్‌కు తల లోపల పెట్టి వెనక ఏముందో కనపడకపోతే భయం. ధైర్యమున్న పక్షి వెంటనే తింటుంది, పిరికిది చుట్టూ తిరుగుతూ ఉండిపోతుంది. పారదర్శకంగా ఉన్న మూత అయితే పరవాలేదు. గూడు నుంచి అప్పుడే బయటికి వచ్చిన పిల్లలున్న కేజ్‌లో ఇరుకు మూతి కప్పులు పెట్టకండి. లోపల దూరి బయటికి రాలేకపోతాయి.

వాటంతట అవే జారే డబ్బా ఫీడర్: పదిహేను, ఇరవై పక్షులున్న పెద్ద కేజ్‌కు ఉపయోగమే. ఒక జతకు నేను సిఫార్సు చేయను. కొర్రలు, సామలు, వరిగలు లాంటి గుండ్రటి గింజలు బాగా జారతాయి. కానరీ సీడ్‌లాంటి పొడవాటి గింజలు, పుల్లముక్కలు కలిసిన మిశ్రమం అయితే మూతి దగ్గర ఇరుక్కుంటుంది. తప్పనిసరై వాడితే పక్కనే ఒక తెరిచిన కప్పు కూడా పెట్టండి. డబ్బాను కేజ్ బయట నింపి, కింద పళ్ళెంలో వచ్చిన గింజల్ని చెంచాతో తీస్తూ, కనీసం పదిసార్లు జారుతోందో లేదో చూశాకే లోపల తగిలించండి.

మట్టి కప్పులు చల్లగా, బరువుగా ఉండి దొర్లిపోవు. కానీ తేమ పీలుస్తాయి. వానాకాలంలో అడుగున గింజలు బూజు పడతాయి. బూజు పట్టిన గింజల దుమ్ము పీల్చినా పక్షుల ఊపిరితిత్తులకు ప్రమాదం. కాబట్టి గింజలకు మట్టి వద్దు, కటిల్ బోన్ ముక్కలకు వాడుకోండి.

మిల్లెట్ షాపులో "కొర్రలు" అని అడిగితే మనం వండుకునే, పొట్టు తీసిన కొర్ర బియ్యం ఇచ్చేస్తారు. పక్షులకు కావలసింది పొట్టుతో ఉన్నవి. మా వీధి చివర దుకాణాయనకు ఈ తేడా చెప్పడానికి నాకు మూడుసార్లు పట్టింది.

3. నీళ్ళ పాత్ర ఎంచుకోండి

కమ్మీల బయట నిలబడి, కింద చిన్న తొట్టి మాత్రం లోపలికి ఉండే ప్లాస్టిక్ ట్యూబ్ చాలామందికి సరిపోతుంది. నీళ్ళలో రెట్ట పడే అవకాశం తక్కువ, ఎంత తాగాయో బయటికే కనపడుతుంది. జీబ్రా ఫించ్‌లు ముక్కు ముంచి, తల ఎత్తకుండానే పావురంలా నీళ్ళు పీల్చుకోగలవు. అందుకని ముక్కు మునిగేంత నీళ్ళు తొట్టిలో నిలవాలి. తొట్టి మరీ ఇరుకైన ట్యూబ్ కొనకండి.

ట్యూబ్‌లో నీళ్ళు నిలబడేది బయటి గాలి ఒత్తిడి వల్ల. మూత బిగుతుగా లేకపోయినా, గొట్టంలో వెంట్రుకంత చీలిక ఉన్నా, నీళ్ళన్నీ కారిపోతాయి. ఇంకో తమాషా కూడా ఉంది. సగం ఖాళీ అయిన ట్యూబ్‌లో గాలి ఎక్కువ ఉంటుంది కదా, మధ్యాహ్నం ఎండకు ఆ గాలి వ్యాకోచించి నీళ్ళను బయటికి తోసేస్తుంది. ఉదయం సగం ఉందని వదిలేస్తే మూడు గంటలకు ఖాళీ. విజయవాడ, రామగుండం ఎండల్లో ఇది మామూలే. ట్యూబ్ పగిలిందని పారేయకండి, రోజూ పొద్దున్నే పూర్తిగా నింపి నీడలో ఉంచండి.

కొనగానే చేయాల్సిన పరీక్ష: ట్యూబ్ నిండా నీళ్ళు పోసి, కేజ్‌లో కాకుండా కిటికీ గ్రిల్‌కు తగిలించి, కింద న్యూస్ పేపర్ పరచండి. రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి పేపర్ తడిస్తే మూత లోపలి రబ్బరు వాషర్ చూడండి. అది సరిగా ఉన్నా కారుతుంటే మార్చేయండి.

ముక్కుతో పొడిస్తే చుక్క వచ్చే నిప్పల్ బాటిళ్ళు శుభ్రంగా ఉంటాయని అమ్ముతారు. నిజమే, కానీ అందులోని చిన్న బంతి బోరు నీళ్ళ ఉప్పు పేరుకుని ఇరుక్కుంటే పక్షికి చుక్క కూడా రాదు, మనకు బాటిల్ నిండుగా కనిపిస్తుంది. పైగా ఫించ్‌కు దాన్ని వాడటం నేర్పాలి. ఇంట్లో ఒకటీ రెండు జతలు ఉన్నవాళ్ళకు ఈ తంటా దేనికి?

ఏ రకం కొన్నా, నీళ్ళకు రెండు చోట్లు ఉండాలి. ఒకటి ట్యూబ్, ఒకటి చిన్న గిన్నె. గింజలు లేకుండా కొన్ని గంటలు గడుస్తాయేమో కానీ, మే నెల మధ్యాహ్నం నీళ్ళు లేకుండా గడవవు.

4. ఎక్కడ పెట్టాలి

- కూర్చునే కర్రలకు సరిగ్గా కింద ఏదీ పెట్టకండి. రెట్ట నేరుగా అందులోనే పడుతుంది. కప్పు పెట్టాక కర్ర చివర నుంచి ఒక దారం వేలాడదీసి చూడండి. దారం కప్పులోకి దిగిందంటే జరపాలి.
- గింజలూ నీళ్ళూ ఎదురెదురు చివర్లలో ఉండాలి. నా కథ చదివారు కదా.
- కప్పు అంచు కర్ర ఎత్తుకు దగ్గరగా ఉంటే పక్షి కర్ర మీదే నిలబడి తింటుంది, కప్పులోకి దిగి రెట్ట వేయదు.
- రెండు కప్పులను వేరు వేరు మూలల్లో పెట్టండి. పక్కపక్కనే పెడితే పెత్తనం చేసే మగది రెండింటికీ కాపలా కాస్తుంది. బెంగాలీ ఫించ్‌లు సర్దుకుపోతాయి కానీ, జీబ్రాల్లో ఈ గొడవ రోజూ ఉంటుంది.
- నీళ్ళ ట్యూబ్‌కు నేరుగా ఎండ తగలకూడదు. పచ్చటి పాచి పట్టేది ఎండ తగిలే గొట్టాల్లోనే.

చీమలు వస్తుంటే కప్పు చుట్టూ చీమల మందు చల్లకండి. కేజ్‌ను కాళ్ళున్న స్టాండ్ మీద పెట్టి, ఒక్కో కాలు కింద నీళ్ళు పోసిన మూత పెట్టండి. మన అమ్మమ్మలు పాల గిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెట్టిన పద్ధతే.

5. కొత్త పాత్రను అలవాటు చేయండి

పాతది తీసేసి కొత్తది పెట్టడం పెద్ద తప్పు. ఫించ్‌లకు కొత్త వస్తువంటే భయం. ఎర్ర రంగు కప్పు చూసి సగం రోజు కర్ర దిగని పక్షిని నేను చూశాను. మూడు, నాలుగు రోజులు పాతదీ కొత్తదీ రెండూ ఉంచండి. కొత్తదాంట్లో వాటికి ఇష్టమైన గింజలు పైన చల్లండి. ట్యూబ్ అయితే తొట్టిలో నీళ్ళు మెరిసేలా వెలుతురు పడే వైపు తగిలించండి (ఎండ కాదు, వెలుతురు). ప్రతి పక్షీ కొత్తదాంట్లో తినడం, తాగడం మీ కళ్ళతో చూశాకే పాతది తీయండి. "ఒకటి తాగింది, మిగిలినవి కూడా తాగుతాయిలే" అనుకోకండి.

6. రోజూ పొట్టు తీయండి

పొద్దున్నే కప్పు బయటికి తీయండి. బాల్కనీలోకి వెళ్ళి, కేజ్‌కు దూరంగా, కప్పును కొంచెం వంచి నెమ్మదిగా ఊదండి. కళ్ళు మూసుకోండి, పొట్టు ముఖం మీదికే వస్తుంది. ఎక్కువ కప్పులుంటే చేటలో పోసి చెరిగితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. తేలికైన పొట్టు ముందుకు ఎగిరిపోయి, బరువైన గింజలు చేట మొదట్లో మిగులుతాయి. రెట్ట పడిన గింజల్ని మాత్రం తిరిగి వాడకండి.

మిగిలిన గింజల మీదే కొత్తవి పోస్తూ పోకండి. అడుగున పాతవి వారాల తరబడి ఉండిపోతాయి, లక్కపురుగులు చేరేది వాటిలోనే. రెండు రోజులకు ఒకసారి కప్పు పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, బాగా ఆరాకే నింపండి. అదనపు కప్పులు కొనమన్నది ఇందుకే. తడి కప్పులో గింజలు పోయడం కంటే మురికి కప్పులో పోయడం మేలు అంటాను నేను, వినడానికి బాగోకపోయినా.

నీళ్ళు రోజూ మార్చాలి, ఎండాకాలం రెండుసార్లు. మీరు తాగే నీళ్ళే వాటికీ పోయండి. ట్యూబ్ లోపల వేలు పెట్టి రుద్దండి. జారుడుగా తగిలితే కంటికి కనపడని జిగురు పొర పట్టినట్టే. బ్రష్‌తో తోమి, తొట్టి మూలల్లో ఇయర్ బడ్ తిప్పి, రెండు మూడుసార్లు జాలించండి. బోరు నీళ్ళ తెల్ల మరకలకు నిమ్మరసం గానీ చింతపండు గానీ చాలు. ప్లాస్టిక్ ట్యూబ్‌లో మరిగే నీళ్ళు పోయకండి, వంకర పోయి మళ్ళీ మూత పట్టదు. విటమిన్ చుక్కలు కలిపిన నీళ్ళు సాయంత్రానికి పారబోయాల్సిందే.

7. స్నానం వేరు, తాగడం వేరు

స్నానపు పళ్ళెం లేకపోతే తాగే గిన్నెలోనే దూకి ఆడతాయి. రోజులో ఒక గంట, పొద్దున పూట, వెడల్పాటి పళ్ళెంలో రెండు సెంటీమీటర్లు మించకుండా నీళ్ళు పెట్టి, తర్వాత తీసేయండి. కార్తీక మాసంలో మిగిలిన పెద్ద మట్టి ప్రమిదలు దీనికి భలే పనికొస్తాయి. నూనె తగలనివి మాత్రమే. గరుకుగా ఉండటం వల్ల కాళ్ళు జారవు. గూడు బయటికి వచ్చిన పిల్లలుంటే సెంటీమీటరు నీళ్ళు చాలు, లోతు గిన్నెల్లో పిల్లలు మునిగి చనిపోతాయి.

పిల్లలు సుమారు 18 నుంచి 21 రోజులకు గూడు వదిలి బయటికి వస్తాయి. ఇంకో రెండు వారాలు తల్లిదండ్రులే తినిపిస్తుంటాయి. ఆ రోజుల్లో కేజ్ అడుగున, కర్రల కింద కాకుండా ఒక మూలన, చిన్న మూత లాంటి పళ్ళెంలో గింజలు, ఇంకో మూతలో నీళ్ళు పెట్టండి. ఎగరడం సరిగా రాని పిల్ల పైన తగిలించిన గింజల కప్పు దాకా వెళ్ళలేకపోతుంది.

సరిగా పనిచేస్తోందో లేదో ఇలా చూడండి

అరచేతి పరీక్ష: కప్పు పై పొర నుంచి చిటికెడు తీసి అరచేతిలో వేసి ఊదండి. అంతా ఎగిరిపోతే అది పొట్టే. వేళ్ళ మధ్య నలిపినప్పుడు గట్టిగా తగిలితే గింజ, మెత్తగా నలిగితే పొట్టు.

కాటా పరీక్ష: పొద్దున గింజలు నింపిన కప్పు తూచి రాసుకోండి. మర్నాడు పొట్టు ఊదేశాక తూచండి. కింద పడ్డవి కూడా చేర్చి చూస్తే జత ఎంత తిన్నదో తెలుస్తుంది. వారం రోజులు రాసుకుంటే మీ పక్షుల లెక్క మీకే పట్టుబడుతుంది. ఆ తర్వాత ఒక రోజు సగానికి పడిపోతే, జబ్బు లక్షణం బయటపడక ముందే మీకు తెలుస్తుంది.

గీత పరీక్ష: నీళ్ళ ట్యూబ్ మీద రాత్రి నీళ్ళున్న చోట స్కెచ్ పెన్నుతో గీత గీయండి. పక్షులు రాత్రి తాగవు. తెల్లవారుజామున గీత కంటే కిందికి దిగితే కారుతోందని అర్థం. మధ్యాహ్నం దాకా అసలు కదలకపోతే అడ్డం పడిందన్నమాట, వెంటనే గిన్నెలో నీళ్ళు పెట్టండి.

అడుగు పేపర్: రోజుకు ఒక పేపర్ మార్చండి. ఒకే చోట గింజలు కుప్పగా పడితే కప్పు మరీ నిండుగా పోస్తున్నారు, లేదా ఇష్టం లేని గింజలు ఏరి పారేస్తున్నాయి. రెట్టలు తగ్గి, ముదురు ఆకుపచ్చగా ఉంటే పక్షి తినడం లేదేమో చూడండి. పక్షిని మెల్లగా చేతిలోకి తీసుకుని రొమ్ము మధ్య ఎముకను వేలితో తడమండి. కత్తి అంచులా పొడుచుకుని ఉంటే కప్పుల పరీక్షలు ఆపి పక్షుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఊరెళ్ళాల్సి వస్తే

ఒక్క రాత్రికైతే రెండు తెరిచిన కప్పులు, రెండు ట్యూబ్‌లు, ఒక గిన్నె. అంతకు మించితే ఎవరో ఒకరు రోజూ వచ్చి చూడాల్సిందే. ఎదురింటివాళ్ళకు తాళం ఇచ్చేటప్పుడు "గింజలు అయిపోతే వేయండి" అని చెప్పకండి. వాళ్ళకు కప్పు ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. "కప్పులో ఉన్నదంతా పారబోసి, ఈ డబ్బాలోంచి రెండు చెంచాలు కొత్తగా పోయండి, నీళ్ళు మార్చి ఒక ఫోటో పంపండి" అని చెప్పండి. బయల్దేరే ముందు రోజు వాళ్ళ చేత ఒకసారి మీ ముందే చేయించండి.